పచ్చిగా ఉన్నప్పుడే పాతాలి

చోళ్లు, సామలు, కొర్రలు ఏడాదంతా బుట్టలో దాచుకోవచ్చు. తొలకరి పడ్డాక తీసి చల్లితే మొలుస్తాయి. కాఫీ విత్తనం అలా ఆగదు. కొన్ని నెలలు గడిస్తే దాని మొలకశక్తి పోతుంది. అవకాడో టెంకకు అంత గడువు కూడా లేదు, ఎండిందంటే ఇక మొలవదు. మామిడి టెంకదీ, పనస గింజదీ అదే తీరు. వీటిని పచ్చిగా ఉన్నప్పుడే పాతాలి. అందుకే ఇలాంటి చెట్టు ఒక కొండకు కొత్తగా చేరిందంటే దాన్ని ఎవరో పనిగట్టుకుని తెచ్చి, నారు పోసి, నీళ్లు పెట్టి బతికించారని అర్థం. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద ఇవాళ కనిపించే తోటల చరిత్రంతా ఆ పని చేసినవాళ్ల చరిత్రే.

మామిడి, పనస ఈ కొండలకు పాత కాపులు. కొత్త పండుగ చేసి దేవతకు పెట్టనిదే చెట్టు మామిడికాయ తినకూడదన్న కట్టుబాటు చాలా గూడేల్లో ఉంది. పండు తిన్నాక టెంకను పారేయరు. లోపలి జీడిని తీసి, నానబెట్టి వగరు పోగొట్టి, ఎండబెట్టి పిండి చేస్తారు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు ఆ పిండితో కాచిన అంబలే ఎన్నో కుటుంబాలను ఆదుకుంది. అలా వాడకుండా మిగిలిన టెంకల్లో కొన్ని పెరటిలోనో పోడు గట్టునో మొలిచి చెట్లయ్యాయి. వాటికి నర్సరీ లేదు, పథకం లేదు.

కాఫీ కథ వేరు. యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చిన బాబా బుడన్ కథ కర్ణాటకలో అందరికీ తెలిసిందే. తెలుగు కొండలకు అది చాలా ఆలస్యంగా వచ్చింది. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు ఇప్పటి మారేడుమిల్లి అడవుల్లోని పాములేరు లోయలో నాటించిన మొక్కలే మొదటివని కాఫీ చరిత్రలు చెబుతాయి. 1920ల నాటికి అది అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. అవి మన్యానికి గడ్డు రోజులు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. రోడ్ల పనుల్లో వెట్టి చేయించుకున్నారు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడికి వెనకున్న బలం. కొండవాళ్లు తమ నేల కోసం పోరాడుతున్న ఆ కాలంలోనే దొరలు, అధికారులు తమకు నచ్చిన మొక్కలు అదే నేలలో నాటించుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి అరకులో ఒక తోట వేశారు. పర్యాటకులు ఇప్పుడు తిరిగే పద్మాపురం ఉద్యానవనం అదే.

స్వాతంత్ర్యం వచ్చాక కాఫీని ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. అటవీ శాఖ 1960 నుంచి రిజర్వు అడవుల్లో కాఫీ వేయించింది. చెట్ల నీడ తీయకుండా పంట తీయొచ్చు, వాలు మీది మట్టి కొట్టుకుపోదు, పోడు తగ్గుతుందన్నది లెక్క. కానీ ఆ తోటల్లో గిరిజనుడు కూలీ మాత్రమే. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. అసలు మలుపు వేరే దారిలో వచ్చింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత దాని తోటల విభాగం పెంచిన కాఫీని కుటుంబానికి రెండెకరాల చొప్పున గిరిజన రైతులకే అప్పగించారు. కూలికి గోతులు తవ్విన మనిషి తన తోటలో తను కాయ కోసుకోవడం అక్కడ మొదలైంది. తర్వాత ఆ పని పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏకు) చేరింది. ఇవాళ లక్ష ఎకరాలకు పైగా కాఫీ కనిపిస్తోందంటే దానికి వేరు ఆ రెండెకరాల్లోనే ఉంది.

అంత విస్తీర్ణానికి మొక్కలు ఎలా అందాయో తెలియాలంటే నారుమడి దగ్గర కూర్చోవాలి. మేలైన చెట్టు నుంచి బాగా పండిన ఎర్రటి కాయలు కోసి, చేత్తో నలిపి తోలు తీస్తారు. జిగురుతో ఉన్న గింజలకు జల్లించిన కట్టెబూడిద పట్టించి నీడలో ఆరబెడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో మడి మీద చాళ్లు తీసి, గింజను చదునైన వైపు కిందికి పెట్టి వరుసగా పేరుస్తారు, పైన గడ్డి కప్పుతారు. నెలా నెలన్నరకు మొలక మెడ ఎత్తి, గింజ పెంకును నెత్తిన మోస్తూ పైకి లేస్తుంది. దాన్ని నర్సరీల్లో టోపీ దశ అంటారు. అప్పుడే తీసి ప్లాస్టిక్ సంచుల్లోకి మారుస్తారు. ఆరు పాళ్లు అడవి మట్టి, రెండు పాళ్లు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు సన్న ఇసుక: సంచిలో నింపే మట్టి కొలత ఇది. వానలు పట్టాక కొండ మీదికి ఎక్కిస్తారు.

ఇదంతా ఏ గూడెంలోనైనా చేసుకోగల పని. అరబికా పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి పిల్ల మొక్కకు తల్లి పోలిక వస్తుంది. మంచి చెట్టు గింజ తెస్తే చాలావరకు మంచి చెట్టే వస్తుంది. ఆ గుణం ఉండబట్టే కాఫీ చేతులు మారుతూ కొండంతా పరుచుకుంది.

అవకాడో ఆ మాట ఇవ్వదు.

దాని పువ్వు రెండుసార్లు విచ్చుకుంటుంది. మొదటిసారి ఆడ పువ్వుగా, మూసుకుని మర్నాడు మగ పువ్వుగా. పక్క చెట్టు పుప్పొడి కలిసేందుకు ఇది ప్రకృతి పెట్టిన ఏర్పాటు. కాబట్టి టెంక పాతితే వచ్చే చెట్టు ఎవరి పోలికతో వస్తుందో చెప్పలేం. కాపుకు రావడానికి ఐదారేళ్లు పట్టొచ్చు, పది దాటినా ఆశ్చర్యం లేదు. అయినా ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడయ్యే అవకాడో అలాంటి టెంక నుంచే పుట్టింది. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ 1920లలో తన తోటలో టెంకలు పాతాడు. ఒక మొక్కకు పేరున్న రకం అంటు కట్టించబోతే అది పట్టలేదు. మొక్కను పీకేయకుండా వదిలేశాడు. దాని కాయ నల్లగా, గరుకుగా ఉన్నా రుచి ఇంట్లోవాళ్లకు నచ్చింది. 1935లో పేటెంటు తీసుకున్నాడు. జనం ఒక్క మొక్క కొని దాని నుంచే అంట్లు కట్టుకున్నారు, ఆయనకు దక్కింది కొద్దిపాటి సొమ్మే. ఆ తల్లిచెట్టు వేరుకుళ్లు తెగులుతో చచ్చిపోతే 2002లో కొట్టేశారు. ఈనాటి హాస్ చెట్లన్నీ దాని కొమ్మ పుల్లల సంతానమే.

మన దేశంలో అవకాడో కర్ణాటక, తమిళనాడు కొండల కాఫీ తోటల్లో నీడ చెట్ల మధ్య కుదురుకుంది. అక్కడివి చాలావరకు టెంక నుంచి వచ్చిన చెట్లే. వాటిలో మేలైనవాటిని ఎంచి కొడగులోని చెట్టళ్లి పరిశోధన కేంద్రం అర్కా సుప్రీం, అర్కా కూర్గ్ రవి రకాలను, తమిళనాడులోని తడియన్‌కుడిసై కేంద్రం టీకేడీ-1ను ఇచ్చాయి. అదే పంట కొన్నేళ్లుగా అరకు, చింతపల్లి కాఫీ తోటల్లోకీ వస్తోంది. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ కలపకూ మిరియపు తీగకూ పనికొస్తుంది కానీ కాయ ఇవ్వదు. 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకుని, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చి అరకు కాఫీకి ఎంత పేరొచ్చినా, కాపు తగ్గిన ఏడాది రైతుకు ఇంకో ఆదాయం కావాలి. పండ్ల చెట్టు ఆ అవసరం తీరుస్తుంది.

బజారులో కొన్న అవకాడో టెంకతో ఇంట్లో మొక్క లేపడం చిన్న పని. టెంకను కడిగి, వెడల్పు వైపు కిందికి, మొన పైకి వచ్చేలా మట్టిలో సగానికి పైగా దించి, తడి ఆరకుండా చూడాలి. టూత్‌పిక్‌లు గుచ్చి గ్లాసు నీళ్ల అంచున నిలబెట్టినా సరే. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో టెంక నిలువునా పగిలి, ముందు వేరు, తర్వాత ఎర్రటి మోసు బయటికొస్తాయి. కాఫీ నర్సరీ మట్టే దీనికీ సరిపోతుంది. నీరు నిలిస్తే మాత్రం హాస్ తల్లిచెట్టును తిన్న వేరుకుళ్లు దీన్నీ తింటుంది. నీరు జారిపోయే కొండవాలు ఈ చెట్టుకు నచ్చేది అందుకే. చింతపల్లి దగ్గరి లంబసింగి చలి మాత్రం లేత మొక్కలకు గండమే.

అలా లేచిన మొక్క పెన్సిలంత లావయ్యాక దాని తల కోసి, నిలువునా చీల్చి, మంచి రకం పుల్లను చెక్కి దింపి కట్టేస్తే అది అంటు మొక్క. కాపు తొందరగా వస్తుంది, కాయ ఏ రకమో ముందే తెలుస్తుంది. ఇక్కడే ఈ కొండల చరిత్ర మళ్లీ అడ్డొస్తుంది. అంటు కట్టే చెయ్యి మైదానంలో ఉంటే, రైతు ప్రతి ఏడూ లారీలో వచ్చే మొక్కల కోసం ఎదురుచూడాలి. దారిలో వాడిపోయినవి పోగా మిగిలినవే నాటుకోవాలి. కాఫీ నారు సొంతంగా పోసుకోగల ఊళ్లలో కత్తి, పట్టీ పట్టే నేర్పు కొద్ది రోజుల శిక్షణతో అబ్బుతుంది. పొదుపు సంఘాల్లోని ఆడవాళ్లకు, చదువు ఆపేసి ఇంటి దగ్గరున్న యువకులకు ఆ శిక్షణ ఇవ్వాలి. పంచాయతీకొక తల్లిచెట్ల మడి పెట్టాలి, అందులో చెట్టళ్లి రకాలతోపాటు స్థానికంగా టెంక నుంచి మొలిచి బాగా కాసిన చెట్ల పుల్లలు కూడా ఉంచాలి. చలికి తట్టుకుని ఈ మట్టిలోనే కాసిన చెట్టు కనిపిస్తే దానికి గుర్తు పెట్టుకోవాలి. దాని పుల్లలు అమ్మితే వచ్చే డబ్బు ఆ ఇంటికే చేరేలా ఒప్పందం ముందే రాసుకోవాలి.