రోరిక్ హిమాలయ చిత్రాలు

రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ (1874–1947) హిమాలయాలపై వేసిన ప్రకృతి దృశ్యాల వరుస. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన రోరిక్ 1928లో కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, చివరిదాకా అక్కడే గీశాడు.

వీటిలో సంధ్యవేళ కొండలు ప్రత్యేకంగా చూడదగ్గవి. దిగువ వరుసలు ముదురు నీలం, ఊదా రంగుల్లో మునిగిపోతుంటే మంచు శిఖరాల మీద మాత్రం గులాబీ, పసుపు కాంతి నిలుస్తుంది. రాళ్లు, చెట్లు, పగుళ్లు వంటి వివరాలను చాలావరకు వదిలేసి, పదునైన అంచులున్న రంగుల పొరలుగా కొండను కట్టడం ఆయన పద్ధతి. నూనె రంగుల మెరుపు లేని టెంపెరా రంగు ఇందుకు బాగా కుదిరింది. రష్యన్ ప్రతిమా చిత్రాల (ఐకాన్ల) ప్రభావం, రంగస్థల అలంకరణలో గడించిన అనుభవం ఇందులో కనిపిస్తాయి. 1913లో సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ‘వసంతోత్సవం’ బాలేకు తెరలు, దుస్తులు రూపొందించింది ఆయనే. కొన్ని చిత్రాలు మరీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయన్నదీ నిజమే. కాంచనజంగను మాత్రం ఎన్నిసార్లు గీసినా కొత్తగానే చూశాడు.

న్యూయార్క్‌లోని రోరిక్ మ్యూజియంలో, బెంగళూరు చిత్రకళా పరిషత్తులో ఆయన చిత్రాలున్నాయి. కుమారుడు స్వెతొస్లావ్ కూడా చిత్రకారుడే. వాల్తేరులో పుట్టిన సినీతార దేవికారాణి స్వెతొస్లావ్ భార్య.