కొలిచి ప్యాక్ చేసిన భోజనం

నెలంతా డైట్ భోజనం ఇంటికి తెప్పించుకుంటే డబ్బు దండగేనా? హైదరాబాద్‌లో డైటీషియన్‌నైన నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. నేను బరువు తగ్గించే కంపెనీ జెన్నీ క్రెయిగ్ చరిత్ర చెబుతాను. 1983లో క్రెయిగ్ దంపతులు మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టిన వ్యాపారాన్ని 2006లో నెస్లే 60 కోట్ల డాలర్లకు కొన్నది. వాళ్ల పద్ధతి ప్యాక్ చేసిన భోజనం, దానితో పాటు వారం వారం సలహా.

ఈ పద్ధతిపై 2010లో అచ్చైన ఒక అధ్యయనంలో 442 మంది మహిళలను రెండేళ్లు గమనించారు. కంపెనీ కేంద్రానికి వెళ్లినవాళ్లు సగటున 7.4 కిలోలు తగ్గారు, మామూలు సలహాతో సరిపెట్టుకున్నవాళ్లు 2 కిలోలే. అయితే నిధులిచ్చింది ఆ కంపెనీయే, భోజనాలూ ఉచితం! సొంత డబ్బు కట్టాల్సొస్తే రెండేళ్లు ఎందరు నిలిచేవారు? 2023లో ఆ కేంద్రాలే మూతపడ్డాయి.

ఆ ఫలితం వెనక భోజనంతో పాటు సలహా కూడా ఉంది. అందుకే డబ్బా వెంట మాట్లాడే మనిషి లేని ప్యాకేజీని నేను వద్దంటాను. ఆ డబ్బుతో రాగులు, పెసలు, ఆకుకూరలు కొనుక్కోమంటాను.