లేతు చక్రము – లార్డు ఛాన్సలరు తీర్పు



ఏటికొప్పాకలోఁ గొయ్యను తరిమెనపైఁ ద్రిప్పుచు నులితోఁ జెక్కి లక్కబొమ్మలు చేయుదురని మీ రెఱుఁగుదురు. ఇనుమును ద్రిప్పి చెక్కు లేతు యంత్రమును నా జాతిలోనిదే. కాని బొమ్మల పనివాఁ డులిని చేతఁ బట్టును. లేతునందు దానిని యంత్రమే పట్టుకొనును. ఆ పట్టును లోనికిని వెలికిని నడపునది చుట్లు గల యొక మఱకడ్డీ. దాని పిడికడ గీట్లు చెక్కిన చిన్న చక్ర ముండును.

కడ్డీకి అంగుళమునకుఁ బది చుట్లున్నవనుకొనుఁడు. పిడి యొకమాఱు తిరిగిన నులి అంగుళములోఁ బదవవంతు జరుగును. చక్రమున నూఱు గీట్లున్నచో నొక్కొక్క గీటు వేయవవంతు. అయితే గుండ్రని వస్తువునకు రెండు ప్రక్కలు గలవు గదా! ఉలి యొక గీటు లోనికిఁ బోయిన నడ్డుకొలత రెండు గీట్లు తగ్గును. కొన్ని చక్రములపై నీ రెట్టింపును ముందే లెక్కించి చెక్కియుందురు. తన చక్ర మే తెగదో తెలిసికొనని పనివాని యినుము చెత్తకుప్పకే.

ఈ విద్యకు స్థిరత్వము తెచ్చినవారిలో హెన్రీ మాడ్‌స్లే ముఖ్యుఁడు. అతఁడు 1771లో వూల్విచ్‌లోఁ బుట్టి, పండ్రెండేండ్లకే యచటి ఆయుధశాలలోఁ బనికిఁ గుదిరెను. పిమ్మటఁ దాళములకుఁ బేరొందిన జోసెఫ్ బ్రామా కడఁ బనిచేసెను. వారమునకు ముప్పది షిల్లింగులు చాలవని యడుగఁగా యజమాని యొప్పుకొనలేదు. 1797లో మాడ్‌స్లే సొంత కార్ఖానా పెట్టెను. కొలఁది షిల్లింగులకుఁ జూచుకొని బ్రామా యెట్టి మనిషిని గోల్పోయెనో చూడుఁడు!

మఱలు కోయు లేతులు రామ్స్‌డెన్ మున్నగువారు మునుపే చేసియుండిరి. ఐనను నాఁటి కార్ఖానాలలో నొక మఱమేకు చుట్లు మఱియొకదాని బిళ్లకుఁ బట్టవు. యంత్రమును విప్పినచో నేది దేని జతయో గుర్తు పెట్టుకొనవలసినదే. లేతులోని తల్లిమఱకుఁ దప్పున్నచో నది కోసిన పిల్లమఱ లన్నింటికిని ఆ తప్పు సంక్రమించును. అందుచేత మాడ్‌స్లే తల్లిమఱను సరిదిద్దుటకై మిక్కిలి శ్రమించెను. అంతటితోఁ దృప్తిపడక 1805 ప్రాంతమున వేఱుగా నొక కొలతయంత్రమును జేసెను. దాని మఱకు అంగుళమునకు నూఱు చుట్లు, చక్రమునకు నూఱు గీట్లు; కనుక గీటునకు అంగుళములోఁ బదివేలవవంతు. పనివారిలోఁ గొలతఁ గూర్చి వివాదము పుట్టినచో నదియే తీర్పరి. ఇంగ్లండు న్యాయాధిపతులలో నగ్రేసరుని పేర దానిని 'లార్డు ఛాన్సలరు' అని పిలిచిరి. అది లండను విజ్ఞానప్రదర్శనశాలలో నున్నది.

లేతునకుఁ జక్రముండఁగా వేఱొక తీర్పరి యేల? చక్ర మెఱిఁగినది కడ్డీ తిరుగుడు మాత్రమే. చేఁదత్రాడు వదులుగా నున్నప్పుడు మనము లాగిన మొదటి జానెడు కడవను గదల్పదు. అట్లే పిడిని వెనుకకుఁ ద్రిప్పినప్పుడు కడ్డీ వదులు తీఱువఱకుఁ జక్రము తిరుగును, ఉలి కదలదు. కావున నేర్పరి గీటు దాఁటెనేని చాల వెనుకకుఁ బోయి, మరల ముందునకే వచ్చి గీటుఁ జేరును. మఱియు ఉలి యరుగును. సన్నని కడ్డీ యులి తాఁకిడికి వంగును. కోఁతవేఁడికి ఇనుము వ్యాకోచించును. ఇవి చక్రమునకుఁ దెలియవు.

మాడ్‌స్లే కడఁ బనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు పెక్కు కార్ఖానాల మఱమేకులఁ దెప్పించి, సగటుగట్టి, 1841లో దేశమంతటికి నొక్కతీరు చుట్లను సూచించెను. 1848లో ఫ్రాన్సున పామరను నతఁడు చేతఁ బట్టఁదగిన మఱకొలబద్దకుఁ బేటెంటు పొందెను. నేఁడు విద్యుత్పరికరములు ఉలిపట్టు జరిగిన దూరమును అంకెలలోఁ జూపుచున్నవి. కడ్డీ వదులు బాధ తగ్గినది. అయినను ఉలి యరుగుట, ఇనుము వంగుట ఆ యంకెలలోఁ గానరావు. కావున నిపుణుఁడు తుదికోఁతకు ముందు లేతు నాపి, ఇనుము చల్లాఱువఱకు నిలిచి, చేతికొలబద్దనే తీయుచున్నాఁడు.