బాట ప్రక్క పచ్చని తీగలు

ఫ్రాన్సు దేశపు బోర్డో సీమలో పుట్టు ఎఱ్ఱని ద్రాక్షాసవమునకు గల ప్రతిష్ఠ నేటిది కాదు. 1152లో అక్విటేన్ సీమకు వారసురాలగు ఎలియనోర్, ఇంగ్లండు సింహాసన మెక్కబోవు హెన్రీని పెండ్లాడెను. నాటినుండి 1453 వరకు ఆ సీమ ఆంగ్లేయ రాజుల ఏలుబడిలో నుండుటచే ఓడలకొలది పీపాలు లండనుకు తరలెను. 1855లో పారిస్ ప్రదర్శనమునకై మెడాక్ తోటలను ఐదు తరగతులుగా విభజించిరి. రుచి చూచి కాదు, చిరకాలముగా పలికిన ధరలనుబట్టి!

మాకు మాత్రము ఈ తరగతులకంటె తరువాతి కథయే ముఖ్యమని తోచును. అమెరికా తీగల వెంట వచ్చిన ఫిలాక్సెరా అను పేనువంటి పురుగు వేళ్ళ రసమును పీల్చి తోటలను ఎండగట్టెను. మందు కనుగొన్నవారికి మూడు లక్షల ఫ్రాంకులిత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. తుదకు అమెరికా వేరుపైననే దేశవాళీ తీగను అంటుకట్టవలసివచ్చెను. ఇంతలో, 1878లో, ఆకులను రాల్చు బూజుతెగులు బయటపడెను.

1882లో వృక్షశాస్త్రాచార్యుడు మిలార్డే మెడాక్‌లో ఒక వింత చూచెను. తోట లోపలి తీగలు మోడువారగా, బాట ప్రక్క వరుసలు పచ్చగా నుండెను. విచారింపగా, బాటసారులు పండ్లు కోసికొనకుండుటకై రైతులు వానిపై సున్నము, మైలుతుత్తము కలిపి చిలుకరించిరని తెలిసెను. దొంగలకై చల్లినది తెగులును తరిమినది! మిలార్డే పరీక్షలు జరిపి 1885లో ఆ మందును లోకమునకు వెల్లడించెను.

మన తమలపాకు, బత్తాయి తోటలలో చల్లు బోర్డో మిశ్రమ మిదియే. ఆ ఆసవమును కంట చూడని మన రైతుకు కూడ ఆ ఊరి పేరు నోట నానినది.