కొలతకు కాలము తోడైన చరిత్ర

శాసనమున శకవర్షము, మాసము, తిథి చెక్కబడుటచేతనే దానికి చరిత్రయందు గౌరవము. కొలత విషయమునను ఇంతే. వోల్టేజి యింత యని చూచి చెప్పుట కొలత మాత్రమే. ఏ దినమున, ఏ వేళ అది యెంత యుండెనో క్రమము తప్పక వ్రాసియుంచినప్పుడే అది లిఖితమగును. చేతిలో నిముడు డిజిటల్ మల్టీమీటరును కంప్యూటరుతో కలిపి, కొలతలను కాలముతో సహా నమోదు చేయించు విధానము ఏ మార్గమున వచ్చినదో, తెలుగువారు పెక్కుమంది నివసించు బెంగళూరు బెళ్ళందూరున దాని ప్రయోజన మెట్టిదో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

ఇందుకు తెలుగుదేశమున చక్కని పూర్వోదాహరణ మొకటి కలదు. గోడే వేంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున స్వంత వేధశాలను స్థాపించెను. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడగు అంకితం వేంకట నరసింగరావు దానిని నిర్వహించి, 1874లో సూర్యబింబముపై శుక్రసంక్రమణమును పరిశీలించెను. నాటి వేధశాలలలో పరిశీలకుని కన్ను దూరదర్శినియందు, చెవి గడియారపు చప్పుడునందు ఉండవలెను. చూచినదానిని, విన్నదానిని కలిపి చేయి వ్రాయవలెను.

1902లో శివనసముద్రపు విద్యుత్తు కోలారు బంగారుగనులకు చేరెను. 1905 ఆగస్టు 5న బెంగళూరున విద్యుద్దీపములు వెలిగెను. విద్యుత్తు వెంట దానిని కొలుచు సాధనములును వ్యాపించినవి. వోల్టులు, ఆంపియర్లు, ఓములు అను మూటిని కొలుచుటకు వేర్వేఱు మీటర్లు మోయు కష్టమును తొలగింపదలచి, బ్రిటిషు తపాలాశాఖ యింజనీరు డొనాల్డ్ మెకాడీ మూటిని ఒక పెట్టెలో నిమిడ్చెను. అదియే 1923లో విక్రయమునకు వచ్చిన ఆవోమీటరు. అయినను ముల్లు చూపినదానిని మనుష్యుడే చదివి వ్రాయవలసియుండెను. కదలు కాగితముపై కలముతో గీతగీయు యంత్రము లున్నను, అవి చేత పట్టుకొని తిరుగదగినవి కావు.

1950ల ఆరంభమున అమెరికాలో ఆండ్రూ కే డిజిటల్ వోల్టుమీటరును నిర్మించుటతో ముల్లు స్థానమున అంకె నిలిచెను. ఇది కంటికి సౌలభ్యము మాత్రమే కాదు. అంకెగా మాఱిన కొలతను యంత్రమునుండి యంత్రమునకు పంపవచ్చును. అట్లు పంపుటకు 1960లో ఆర్.ఎస్.-232, 1975లో ఐ.ఇ.ఇ.ఇ.-488 అను ప్రమాణము లేర్పడినవి. మన దేశమున, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వమున 1967లో హైదరాబాదు నందు ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసి, ఎలెక్ట్రానిక్ సాధనములను, కంప్యూటర్లను తయారుచేసెను. 1977లో వెలువడిన ఫ్లూక్ 8020ఎ వంటివానితో డిజిటల్ మల్టీమీటరు అరచేతిలోనికి వచ్చెను.

చేతిమీటరును కంప్యూటరుతో కలుపుటలో నొక చిక్కు కలదు. మీటరు 230 వోల్టుల గృహవిద్యుత్తును తాకుచుండవచ్చును. కంప్యూటరుతో దానిని నేరుగ లోహపుతీగచే కలిపినచో మనుష్యునకును యంత్రమునకును ప్రమాదము. కావున పెక్కు మీటర్లలో పరారుణకాంతి వాడబడినది. మీటరులోని చిన్నదీపము కంటికి కానరాని కాంతితో మినుకుమనుచుండగా, కేబులు కొనయందలి గ్రాహకము దానిని గ్రహించును. 1996లో యు.ఎస్.బి. వచ్చిన పిదప కంప్యూటరు వైపు కొన మాఱెనే గాని యీ సూత్రము మాఱలేదు. సాధారణముగా మీటరు అంకెను పంపును గాని కాలమును పంపదు. అంకె యందిన క్షణమును కంప్యూటరే తన గడియారమునుండి చేర్చును. వేధశాలలో చెవి చేసిన పని యిదియే. బ్యాటరీ పొదుపునకై మీటరు తనంత నారిపోవు ఏర్పాటును ముందుగా తొలగింపనిచో లిఖితము నడుమ తెగును. తెగినచోట ఖాళీని ఖాళీగనే యుంచవలెను. ఊహించి పూరించిన అంకె కూటశాసనము వంటిది.

ఇక బెళ్ళందూరు చెఱువు. బెంగళూరు చెఱువులలో నిది మిక్కిలి పెద్దది. నగరపు మురుగు చేరి నురుగులు గ్రక్కిన యీ చెఱువున 2015, 2017, 2018 సంవత్సరములలో మంటలు లేచినవి. మంటలను లోకమెల్ల చూచెను. నీటిలో కరగిన ప్రాణవాయువు తఱుగుట మాత్రము కంటికి కనబడదు. పాచి పెరిగిన నీటిలో అది పగటి యెండకు హెచ్చి, రాత్రి తఱిగి, తెల్లవాఱుజామున అత్యల్పమగును. మధ్యాహ్నము తీసిన నమూనా యొక్కటి యీ సంగతిని చెప్పజాలదు. గాల్వానిక్ జాతి ప్రాణవాయు గ్రాహకము వెలువరించు మిల్లీవోల్టులను సామాన్య మల్టీమీటరు కొలువగలదు. నిమిషమున కొకటి చొప్పున నమోదు చేయించినచో దినమునకు 1,440 కొలతలు లభించును. గ్రాహకమును తఱచు గాలియందు సరిచూచుకొనుట, నీటి యుష్ణోగ్రతను గూడ వ్రాయుట ఆవశ్యకములు. ప్రయోగశాలా పరీక్షకు ఇది బదులు కాదు; ఏ వేళ నమూనా తీయవలెనో తెలుపు సాక్షి.

జగ్గారావు గారు వేధశాల నిర్మింపవలసివచ్చెను. నేడు ఇట్టి పనికి అంతటి సంపద అక్కఱలేదు, ఓర్పు చాలును. బెళ్ళందూరు తెలుగువారికి విద్యకు కొఱత లేదు. ఆ చెఱువు రాత్రులను వారు కాలముతో సహా వ్రాసియుంచినచో, అది భావి పరిశోధకులకు తేదీ గల శాసనమగును.