పొరుగు సరుకు

నిప్పు పక్కన పత్తి ఉంచరాదని అందరికీ తెలుసు. చల్లగా, మౌనంగా పడి ఉన్న రెండు సరుకుల పొత్తును అంచనా వేయడమే కష్టం.

1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో, సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఎరువు నింపుకొన్న గ్రాండ్‌కాంప్ ఓడలో నిప్పు రాజుకుంది. నీరు పోస్తే సరుకు పాడవుతుందని తలచి, మూతలు బిగించి ఆవిరి పంపారు. గాలి అందకపోతే మంట ఆరుతుందన్న లెక్క ఇక్కడ తప్పింది. ఆ ఎరువు తన ప్రాణవాయువును తనలోనే దాచుకున్నది! ఉదయం 9 దాటాక ఓడ పేలిపోయింది.

దగ్గరలోనే ఉన్న హైఫ్లయర్ ఓడలో అదే ఎరువుతోపాటు గంధకమూ ఉంది. ఒకటి మండేది, మరొకటి మంటను పోషించేది. ఆ అర్ధరాత్రి దాటాక అదీ పేలింది. మొత్తం దాదాపు 580 మంది మరణించారు.

సరుకుల పట్టీలో పేరు, బరువు రాస్తే చాలదు, పొరుగునూ చూడాలి. 73 ఏళ్ళ తరువాత, 2020లో, బీరూట్ రేవు గిడ్డంగిలో 2,750 టన్నుల అదే రసాయనం ఉంచిన చోటనే బాణసంచా కూడా ఉంది.