ఆయుధాల వర్తకుడు వీరుడైన వైనం

అతిమానవ వీరుల చిత్రాలు నాకు నచ్చవు. అయితే విమర్శకుడి అయిష్టం దానంతటది విమర్శ కాజాలదు. కోట్లాదిమంది డబ్బిచ్చి చూసే కళారూపాన్ని పిల్లచేష్ట అని తోసిపుచ్చినంతమాత్రాన దాని ప్రభావం తగ్గదు. అది ఎక్కడ పుట్టింది, ఎవరి కోరికను ఆసరా చేసుకొని పెరిగింది, ఎవరి చేతిలో పడి ఏమైంది అని అడగవలసి ఉన్నది. విద్యార్థుల బలవంతంమీద 2008 నాటి "ఐరన్ మ్యాన్" చిత్రాన్ని చూసినప్పుడు నాకు కలిగిన ప్రశ్నలివే.

చిత్రంలో అద్భుతాలున్నాయని నా అభ్యంతరం కాదు. మాయలఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నదంటే ఊకొట్టినవాళ్లం మనం. మనిషి ఎగిరితే ఎగరవచ్చు. ఎగిరి ఎవరి పక్షాన వాలుతున్నాడన్నదే చూడాలి.

ఈ వీరులకు మూలపురుషుడు సూపర్ మ్యాన్. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అమెరికాను ఇంకా వదలని రోజులలో, 1938లో, పది సెంట్ల వెలగల "యాక్షన్ కామిక్స్" మొదటి సంచికలో అతడు వెలువడ్డాడు. సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షూస్టర్. ఇద్దరూ క్లీవ్‌లాండ్ నగరంలో కలిసి చదువుకున్నవారు, వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. ఆనాటి సూపర్ మ్యాన్ ఎవరితో తలపడ్డాడో గమనించండి. మొదటి సంచికలో భార్యను కొట్టేవాణ్ణి, లంచగొండి సెనేటరును పట్టుకుంటాడు. రెండవ సంచికలో, యుద్ధం ఎగదోసి లాభం తీసే ఆయుధాల వర్తకుణ్ణి మామూలు సిపాయిగా సైన్యంలో చేర్పించి, ఫిరంగిగుండ్లు పడేచోట నిలబెడతాడు. ఇక ఆయుధాలు చేయనని వాడు బతిమాలుకుంటాడు. మూడవ సంచికలో గని యజమానిని అతడి అతిథులతోసహా గనిలోనే చిక్కుపడేట్టు చేసి, కార్మికుల ప్రాణభయం ఎటువంటిదో తెలియజెప్తాడు. 1939 జనవరి సంచికలో మురికివాడ నేలమట్టమై, అక్కడ ప్రభుత్వం మంచి ఇళ్లు కట్టక తప్పదు.

ఇది విప్లవ సాహిత్యమని నేననడంలేదు. కార్మికుడు ఇక్కడ తన చేతులతో ఏమీ సాధించుకోడు. ఆకాశంనుంచి ఊడిపడ్డవాడొకడు అన్నీ చేసిపెడతాడు. ఈ లోపం పుట్టుకనుంచీ ఉన్నది. అయినా శత్రువెవరో ఆ పది సెంట్ల పుస్తకానికి తెలుసు.

ఆ పుస్తకం వెనకనున్న వ్యాపారం వేరు. పుటకు 10 డాలర్ల చొప్పున 13 పుటలకు 130 డాలర్లిచ్చి ప్రచురణకర్తలు సర్వహక్కులూ కొనివేశారు. 1947లో సృష్టికర్తలు కోర్టుకెక్కారు. ఫలితంగా పని పోయింది, బొమ్మకథమీద పేర్లూ పోయాయి. చివరికి 1975లో, సూపర్ మ్యాన్ సినిమాకు సన్నాహాలు జరుగుతుండగా, పత్రికలు గొడవచేస్తేగాని వారికి ఏడాదికి చెరి 20,000 డాలర్ల పింఛను దక్కలేదు. అప్పటికి షూస్టర్ చూపు దాదాపు పోయింది.

ఇక కథల సంగతి. 1954లో బొమ్మకథలు పిల్లలను చెడగొడుతున్నాయన్న అలజడి లేచింది. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. బెదిరిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. పోలీసులపైన, న్యాయమూర్తులపైన, ప్రభుత్వాధికారులపైన అగౌరవం కలిగేట్టు చిత్రించరాదని అందులో ఒక నిబంధన. 1938 నాటి సెనేటరు కథ ఆ నిబంధన దాటి అచ్చుకెక్కడం కష్టమే.

1963లో ఐరన్ మ్యాన్ పుట్టాడు. ఇతడు ఆయుధాల ఫ్యాక్టరీ యజమాని. తొలి కథకు రంగస్థలం వియత్నాం. 2008 చిత్రంలో అది అఫ్గానిస్తాన్ అయింది. చిత్రం తెలివైనదని ఒప్పుకోవాలి. తన ఆయుధాలు తనను చెరపట్టినవారి చేతుల్లోనే ఉండటం చూసి వీరుడు కలవరపడతాడు, ఇక ఆయుధాలు చేయనని ప్రకటిస్తాడు. ఆ క్షణాన 1938 నాటి వర్తకుడు గుర్తుకు రాకమానడు. కాని వెంటనే దారులు వేరవుతాయి. ఆ వర్తకుణ్ణి సిపాయిల నడుమకు దింపారు. ఈ యజమాని అన్నిటినీ మించిన ఆయుధాన్ని తయారుచేసి తానే తొడుక్కుంటాడు. పాపమంతా దొంగచాటుగా సరుకు అమ్మిన భాగస్వామి మెడకు చుట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడికి మాట లేదు. బాంబు పడిన ఊరివాళ్లకు రక్షణ పొందడమే పని. ఈ చిత్రానికి అమెరికా వైమానిక దళం సహకరించడంలో వింతేముంది? మరుసటి ఏడాది, 2009లో, మార్వెల్ సంస్థను డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్నది.

నా విద్యార్థులు ఈలలు వేసింది ఆ డాలర్లను చూసి కాదు. దుర్మార్గుడు శిక్ష తప్పించుకోరాదన్న కోరిక వారిది. మాంద్యం రోజులలో పది సెంట్లు పెట్టి కొన్నవారి కోరికా అదే. దానిని వెక్కిరిస్తే మనం పోగొట్టుకునేది ఆ విద్యార్థులనే. కనుక అధ్యాపకులు ఈ రెండు కథలనూ తరగతిలో పక్కపక్కన పెట్టాలి. ఒక కథలో శిక్ష అనుభవించిన వర్తకుడు మరొక కథలో వీరుడెట్లా అయ్యాడో, ఈ మధ్యకాలంలో ఏమి జరిగిందో విద్యార్థులచేతనే చెప్పించాలి.